గాడ్పు రోజుల్లో అమ్మమ్మ ఇల్లు

రామతీర్థం బోడికొండ మెట్లు దిగుతుండగా మా అబ్బాయి మాట్లాడడం మానేశాడు. తొమ్మిదేళ్ల వాడు, మామూలుగా నోరు మూతపడదు. ఎక్కేటప్పుడు కోదండరాముడి గుడి ఎవరు కట్టారు, ఇంత ఎత్తున కొలనులోకి నీళ్లెలా వచ్చాయి అని ఒకటే ప్రశ్నలు. దిగేటప్పుడు మాత్రం నా వేలు పట్టుకుని ఊరికే నడుస్తున్నాడు. పదకొండున్నర దాటింది. మే నెల మూడో వారం. రాతిమెట్టు మీద అరికాలు ఆనడం లేదు. కిందికి చేరేసరికి వాడి మొహం పాలిపోయింది. కడుపులో తిప్పుతోందన్నాడు. అంతలోనే వాంతి.

చెట్టు కింద ముంజలు కొడుతున్న ముసలమ్మ కత్తి పక్కన పెట్టి లేచింది. "ఏటమ్మా, ఈ ఏలప్పుడు పసిగుంటడ్ని కొండెక్కించీసినావా?" అని నన్ను గదిమి, తన భుజం మీది తువ్వాలు కుండనీళ్లలో ముంచి వాడి మెడకి, చంకలకి అద్దింది. నీడలో పడుకోబెట్టమంది. కాళ్లు కొంచెం ఎత్తున పెట్టమంది. నేను సీసా తీసి వాడి నోటికి పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. "గబగబా పట్టకు. సుక్క సుక్క పొయ్యి." అరగంటకి వాడు కళ్లు తెరిచి ముంజ అడిగాడు. ఆ సాయంత్రం డాక్టరుగారు ఇంకొంచెం ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించమన్నారు. మిగిలినదంతా ఆ ముసలమ్మ అప్పటికే చేసేసింది.

తప్పు పూర్తిగా నాదే. నేను పుట్టింది నెల్లిమర్లలో. చంపావతి ఇసుకలో ఆడుకుని పెరిగాను. ఈ ఎండ నాకు తెలుసనుకున్నాను. నా పిల్లలకి తెలియదన్న సంగతి మర్చిపోయాను. ముందు రోజు పొద్దున్నే విజయనగరం స్టేషన్లో దిగాం. హైదరాబాద్‌లో ఏసీ పడకగది, ఏసీ స్కూలు బస్సు, రైల్లో ఏసీ బోగీ. అక్కడి నుంచి వచ్చిన రెండో రోజే మిట్టమధ్యాహ్నం కొండ మీద. ఒళ్లు కొత్త ఎండకి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోగా చెమట తొందరగా, ధారాళంగా పట్టడం నేర్చుకుంటుంది. ఆ చెమటలో ఉప్పు తక్కువ పోయేలా సర్దుకుంటుంది. గుండె మీద బరువు తగ్గుతుంది. ఇవేవీ జరగకముందే పిల్లల్ని ఊరంతా తిప్పుదామనుకుంటాం. సెలవులు దొరికేది పది రోజులే కదా అన్న ఆత్రం. వేసవి సెలవుల్లో ఎండదెబ్బ ఎక్కువగా తగిలేది ఊళ్లో ఉండేవాళ్లకంటే చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకే అనిపిస్తుంది నాకు. అందులోనూ మొదటి మూడు రోజుల్లో.

అందుకే ఈ కథనం. ఏప్రిల్ ఆఖరు వారంలో బళ్లకు సెలవులిస్తే జూన్ రెండో వారం దాకా మన ఇళ్లలో ప్రయాణాలే. ఆ నెలన్నరా సరిగ్గా పంచాంగంలో ఎండలు ముదిరే డొల్లు కర్తరి, నిజ కర్తరి, రోహిణి. ఏడాది మొత్తంలో ఇంట్లో కూర్చోవలసిన రోజుల్లోనే మనం పెట్టె సర్దుతాం.

గాడ్పు వేరు, ఉక్క వేరు

మా వైపు ఎండాకాలానికి రెండు మొహాలున్నాయి. పడమట నుంచి పొడిగా వచ్చి చెంపల మీద కొట్టేది గాడ్పు. మిగతా చోట్ల వడగాలి అంటారు. ఆ రోజున పెదాలు పగులుతాయి, ఉతికిన బట్ట పావుగంటలో అప్పడంలా ఆరిపోతుంది. రెండోది ఉక్క. సముద్రం నెల్లిమర్లకి ముప్పై కిలోమీటర్ల లోపే. తూర్పుగాలి తిరిగిందంటే ఎండ నాలుగైదు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది, గాలి నిండా మాత్రం తేమ. మనిషి కూర్చున్న చోటే కారిపోతాడు.

థర్మామీటరు చూసి రెండో రోజు మేలనుకుంటారు పట్నం నుంచి వచ్చినవాళ్లు. అది నిజం కాదు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆరడానికి చోటేదీ? భారత వాతావరణ శాఖ లెక్క కూడా ఈ సంగతి గుర్తిస్తుంది. మైదానాల్లో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరితేనే వడగాలి అన్న మాట వాడతారు. తీరప్రాంతానికి ఆ గీత 37 డిగ్రీలే. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలన్న షరతు రెండు చోట్లా ఒకటే. కర్నూలులో 41 అంటే పర్వాలేదనుకునే మనిషి, భీమిలిలో 37 అంటే నిర్లక్ష్యం చెయ్యకూడదు.

ఈ తేడా మా అమ్మమ్మకి లెక్కలు లేకుండానే తెలుసు. నెల్లిమర్ల అంటే జూట్ మిల్లు. మా చిన్నప్పుడు ఏ ఇంట్లో చూసినా గోనెపట్టాలకి కొదవ లేదు. పొద్దున్న తొమ్మిదింటికి అమ్మమ్మ వీధిలోకి వచ్చి, మొహం పడమటి వైపు తిప్పి, గాలి చూసేది. గాడ్పు రోజైతే మందపాటి గోనెపట్టా బావిదగ్గర తడిపి పడమటి గుమ్మానికి వేలాడదీసేది. గంటకోసారి చెంబుడు నీళ్లు దాని మీద చల్లడం పిల్లల పని. లోపల గది చల్లగా, తడి జనపనార వాసనతో నిండిపోయేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు మధ్యాహ్నం నిద్ర వస్తుంది. ఉక్క రోజున మాత్రం గోనె ముట్టుకోనిచ్చేది కాదు. "తేమకి తేమ ఎందుకే? తలుపులు తియ్యండి, గాలాడనీండి" అనేది.

ఇప్పుడు ఇంటింటా ఎయిర్ కూలర్లున్నాయి. కూలరంటే తడి గోనెకి మోటారు బిగించినట్టే. గాడ్పు రోజున బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉక్క రోజున కిటికీలన్నీ బిగించి అదే కూలరు పెడితే గది ఆవిరిపట్టిన గిన్నె అవుతుంది. పోయినేడు మా తమ్ముడి ఇంట్లో అదే జరిగింది. పిల్లలకి ఒళ్లంతా చెమటకాయలు. కూలరులో నీళ్లు తీసేసి, కిటికీలు తెరిచి, వట్టి గాలి వదిలితే నిద్రపట్టింది. ఫ్యాను సంగతి కూడా చెప్పాలి. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, పైపెచ్చు వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అటువంటప్పుడు ఒళ్లు తడిపి, తడిబట్ట కప్పుకుని ఫ్యాను కింద కూర్చోవాలి. తడి లేకుండా వట్టి ఫ్యాను మీద ఆధారపడకూడదు.

మధ్యాహ్నాన్ని వదిలేసుకోవడం

బోడికొండ సంఘటన తరువాత మా అమ్మ పగ్గాలు తన చేతిలోకి తీసుకుంది. ఆ సెలవుల్లో మిగిలిన రోజులు ఆమె చెప్పినట్టే నడిచాయి. ఆ తరువాత మేమెక్కడికి వెళ్లినా అదే పద్ధతి.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం. చీకటి విడకముందే చంపావతికి. మే నెలలో ఏరంటే ఇసుకే, మధ్యలో సన్నటి పాయ. పిల్లలు ఇసుకలో చేతులతో చెలమ తవ్వేవారు. మోచెయ్యి లోతుకి తడి, ఇంకో జానెడు తవ్వితే నీళ్లు ఊరడం. మొదట మట్టిగా, తోడిపోసేకొద్దీ తేటగా. మా అమ్మాయి ఆ చెలమ దగ్గర నుంచి లేచేది కాదు. కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు తప్ప వేరే ఎరగని పిల్ల అది. ఎనిమిదిన్నరకల్లా ఇంటికి. స్నానం, చద్దన్నం. పది గంటలకి పడమటి తలుపులు, కిటికీలు బిగించెయ్యడం. ఆ తరువాత నాలుగున్నర దాకా ఎవరూ గడప దాటకూడదు. చుట్టాలు భోజనానికి పిలిచినా రాత్రికే. గుడికైనా పొద్దుగూకాకే.

మొదట్లో పిల్లలు గింజుకున్నారు. ఆరు గంటలు ఇంట్లో ఏం చెయ్యాలి? మూడో రోజుకి వాళ్లే కనిపెట్టారు. పులిజూదం, అష్టాచెమ్మా, గచ్చు మీద చాప పరచుకుని నిద్ర, లేచాక మామిడిపళ్లు. సువర్ణరేఖ మా ప్రాంతపు పండు. ఎర్రటి బుగ్గతో చూడగానే గుర్తుపట్టవచ్చు. బకెట్టు నీళ్లలో రెండు గంటలు నానబెట్టాకే పిల్లల చేతికిచ్చేది అమ్మ.

ఈ మధ్యాహ్నపు నిద్రని మన నగరాలు సోమరితనం కింద జమకట్టాయి. స్పెయిన్, ఇటలీ దక్షిణ ప్రాంతాల వాళ్లు దుకాణాలు మూసి ఇంటికెళ్లి పడుకునే అలవాటుని కూడా ఉత్తర ఐరోపా వాళ్లు అలాగే చూశారు. ఇప్పుడు లెక్క మారుతోంది. 2021 ఆగస్టు 11న సిసిలీ ద్వీపంలో 48.8 డిగ్రీలు నమోదైంది. ఐరోపా ఖండంలో అదే రికార్డు. 2023 జులైలో గ్రీసు ప్రభుత్వం ఏథెన్స్‌లోని అక్రోపోలిస్‌ని మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 దాకా మూసేయించింది. టిక్కెట్లు కొనుక్కుని ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లని సైతం ఆపేశారు. మంచి పని చేశారు. మన గుళ్ల దగ్గర, కోటల దగ్గర అంత ధైర్యం ఎవరైనా చేస్తే బాగుండును.

అదే జులైలో జర్మనీలో ఉంటున్న మా పిన్ని కూతురు ఇండియా నుంచి వచ్చిన అత్తమామల్ని రోమ్ తీసుకెళ్లింది. 18వ తేదీన అక్కడ 41 డిగ్రీలు దాటింది. మావాళ్లకి ఎండ కొత్తా అనుకుందట. మామగారికి రెండో రోజే కాళ్లు తిమ్మిర్లు, కళ్లు తిరగడం. ఇక్కడి ఎండలో డెబ్బై ఏళ్లు బతికిన మనిషే. ఇక్కడ ఆయన పన్నెండింటికి రాతిబాట మీద నాలుగు కిలోమీటర్లు ఎప్పుడూ నడవలేదు, అంతే తేడా. అక్కణ్నుంచి పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం ఆరు తరువాత మాత్రమే బయటికెళ్లారు. రోమ్ వీధుల్లో రెండు వేలకు పైగా తాగునీటి కుళాయిలు ఆగకుండా పారుతుంటాయి. వంకర గొట్టం ముక్కులా ఉంటుందని వాటిని 'పెద్దముక్కులు' అని పిలుస్తారు. మామగారు వాటిని చూసి "చలివేంద్రాలమ్మా ఇవి" అన్నారట. ప్రతి కుళాయి దగ్గరా ఆగి చేతిరుమాలు తడుపుకున్నారు.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2022లో మరో పని మొదలుపెట్టింది. తుపాన్లకు పెట్టినట్టే వడగాలులకూ పేర్లు పెట్టింది. మొదటిదానికి జోయి అని పేరు. పేరుంటే జనం భయపడతారని, జాగ్రత్తపడతారని. హుద్‌హుద్, తిత్లీ పేర్లు మనం మరవలేదు కదా. అయితే ఎండకి పేరు పెట్టడం మనకి కొత్త కాదు. కర్తరిలో ఇల్లు కట్టడం మొదలుపెట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు అంటుంది పంచాంగం. అందులో శుభాశుభాల మాట ఎలా ఉన్నా, ఆ మూడూ మనిషి మిట్టెండలో ఒళ్లు హూనం చేసుకునే పనులే.

స్లాబు కింద రాత్రి

పగలు సంగతి సరే, అసలు కష్టం రాత్రిది. మా పాత ఇల్లు పెంకుటిల్లు. పెంకుల కింద అటక, మందపాటి మట్టిగోడలు, ముందు అరుగు, పక్కింటి గోడా మా గోడా ఒకటే. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇళ్లు అలా బారుగా కలిసి ఉంటాయి. కలిసిన గోడకి ఎండ తగలదు. తీరం వెంట చుట్టిళ్లైతే కప్పు నేలని తాకేంత కిందికి దిగుతుంది. తుపాను గాలికీ ఎండకీ ఒకటే మందు.

తమ్ముడు పక్కన కట్టుకున్నది స్లాబు ఇల్లు. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి పది నుంచి తెల్లవారే దాకా కిందికి వదులుతుంది. మంచం వేడి, దిండు వేడి, కుళాయి తిప్పితే నీళ్లు వేడి. పగలు అలసిన ఒంటికి రాత్రి చల్లదనం దొరక్కపోతే మర్నాటి ఎండని తట్టుకునే శక్తి ఉండదు. రెండు మూడు రోజులు వరసగా అలా గడిస్తే పెద్దవాళ్లు కుప్పకూలిపోతారు. డాబా మీద తెల్లసున్నం దట్టంగా కొట్టించమని తమ్ముడితో పోరాను. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. తమ్ముడు సున్నం కొట్టించాడు. సాయంత్రం ఆరింటికి డాబా కడిగి, తొమ్మిదింటికి పక్కలు పైనే వేస్తున్నాం. నక్షత్రాలు చూస్తూ పడుకోవడం పిల్లలకి సెలవుల్లో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

తిండి మాటకొస్తే నాకు మా అమ్మ వంటిల్లే విశ్వవిద్యాలయం. చోడి అంబలి పొద్దుటి పూట మజ్జిగ, ఉల్లిపాయతో. మిగతా తెలుగువాళ్లు రాగులంటారు, మాకవి చోళ్లు. గంటి, అంటే సజ్జల అంబలి చేసిన రోజు మా నాన్న రెండు గ్లాసులు ఎక్కువ తాగేవారు. తరవాణి మా పిల్లలు మొదట ముక్కు మూసుకుని తాగారు, నాలుగో రోజు అడిగి తాగారు. పుల్లటి ఆ అన్నంనీళ్లలో ఉప్పు ఉంది, కాస్త పిండిపదార్థం ఉంది. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి తాగమని డాక్టర్లు చెప్పే సూత్రానికి అది మేనత్త లాంటిది. పిల్లలు నీరసించిపోతున్నారనిపిస్తే ఆ లెక్కే మంచిది. చెంచా చిన్నది, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. రంగునీళ్ల సీసాలు మాత్రం కొనకండి. అందులో చక్కెర దాహం తీర్చదు, పెంచుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనిషి తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదు. 108కి ఫోను చేసి, బండి వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూనే ఉండాలి. ఆస్పత్రికి తీసుకెళ్లాక చల్లబరుస్తారులే అని ఊరుకోకూడదు. ఆ పావుగంటే ప్రాణం.

సముద్రానికీ అరకుకీ వెళ్లవద్దనను. చింతపల్లి తీరానికో భీమిలికో పొద్దువాలాక వెళ్లి, చీకటి పడేదాకా తడి ఇసుకలో కూర్చుంటే చాలు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. అంతెత్తున గాలి మైదానం కంటే ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేవాళ్లు తెల్లవారుజామునే బయలుదేరితే ఎండలో కారు ఆగిపోయే బాధ ఉండదు. ఆగిన కారులో, అద్దాలు బిగించి, ఒక్క నిమిషమైనా సరే, పిల్లల్ని వదలకండి.

అయితే ఈ కొండల మోజు గురించి నాకొక గుబులుంది. 2003 వేసవిలో ఐరోపాలో వడగాలులకి దాదాపు 70 వేల మంది చనిపోయారు. ఆగస్టులో ఒక్క ఫ్రాన్సులోనే దాదాపు 15 వేల మంది. ఎక్కువమంది వృద్ధులు, ఒంటరిగా అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు. ఆగస్టు అక్కడ సెలవుల నెల. కొడుకులు, కూతుళ్లు, ఇరుగుపొరుగు చాలామంది సముద్రతీరాలకి వెళ్లారు. తలుపు తట్టేవారు లేరు. 2015 మేలో మన దేశంలో రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అందులో అత్యధికం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. వేసవి సెలవులంటే అమ్మమ్మ ఇల్లు అన్న అలవాటు మనకుంది. ఏడాదిలో ముసలివాళ్లకి గండంగా గడిచే నెలన్నరలోనే వాళ్ల ఇల్లు పిల్లలతో నిండేది. ఎవరో ఒకరు మంచినీళ్లు అందించేవారు. ఎవరో ఒకరు నిద్రపోతున్న తాతగారి నుదురు తాకి చూసేవారు. ఇప్పుడు ఆ పది రోజులూ ఊటీకి, కులూకి వెళ్తున్నాం. దారిలో ఒక పూట ఊళ్లో దిగి పలకరించి పోతున్నాం.

మా అమ్మకి డెబ్బై రెండు. బీపీ మాత్ర వేసుకుంటుంది. అది ఒంట్లో నీళ్లు మూత్రంగా లాగేసే రకం. ఎండాకాలం ముందు ఆ మాత్ర గురించి డాక్టరుగారిని అడగాలని నాకు చాలా ఏళ్లు తెలియనే లేదు. వయసు పెరిగేకొద్దీ దాహం వేసే జ్ఞానం తగ్గుతుందని కూడా. "దాహం లేదే" అంటే నీళ్లు అక్కర్లేదనుకునేదాన్ని. ఇప్పుడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ గంటకోసారి గ్లాసు నింపి చేతికివ్వడం మా అమ్మాయి బాధ్యత.

ఊళ్లో మధ్యాహ్నాన్ని వదిలేసుకునే వీలు అందరికీ లేదు. ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్లు చీకటితో బయలుదేరి పదిన్నర, పదకొండుకి తిరిగొస్తారు. మిల్లుల్లో షిఫ్టు చేసేవాళ్లకి లోపల వేడికి గడియారం లేదు. ముంజలమ్మే ఆ ముసలమ్మ సరుకు అయిపోయేదాకా కదలదు. ఆమెకి గొడుగు కొనిచ్చాను. పెద్ద తాటాకు గొడుగు కాదు, బజారులో దొరికే నల్ల గొడుగు. పుచ్చుకుంది గానీ మర్నాడు చూస్తే అది ముంజల బుట్ట మీద ఉంది. "ముంజి వాడిపోతే ఎవలు కొంతారమ్మా?" అంది.

జూన్ పదో తేదీన తిరుగు రైలెక్కాం. రోహిణి వెళ్లింది, మృగశిర వచ్చింది, వాన చినుకు లేదు. అమ్మని మాతో రమ్మంటే రాలేదు. పక్కింటి అప్పకి ఒక తాళంచెవి ఇచ్చాం. పొద్దున ఒకసారి, మూడింటికి ఒకసారి చూసి వెళ్లమన్నాం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే వడగాలి హెచ్చరికలో నెల్లిమర్ల పేరుందేమో రోజూ సాయంత్రం చూస్తున్నాను.

అబ్బాయి మాత్రం ఆ హెచ్చరిక నమ్మడు. పది గంటలకి తనే నా ఫోను తీసుకుని నెల్లిమర్లకి కలుపుతాడు.

"అమ్మమ్మా, ఇవాళ గాడ్పా, ఉక్కా?"

"గాడ్పే నాన్నా. గోనె కట్టీసేను. తలుపులన్నీ వేసీసేను."

"నీళ్లు తాగేవా?"

"ఇదిగో, తాగుతున్నాను."

గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడేదాకా వాడు ఫోను పెట్టడు.